మా పిల్లలకు బర్రె చేపిన వేసవి

మా అక్క కుడి మణికట్టు విరిగిందని ఫోన్ వచ్చేటప్పటికి మా స్కూలుకు ఎండాకాలం సెలవులిచ్చి ఒక పూట కూడా కాలేదు. నేను మణుగూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనది గనిలో ఉద్యోగం. కాలనీ క్వార్టర్లో ఉంటాం. ఆ మధ్యాహ్నం కూలర్లో నీళ్లు పోస్తుంటే అక్క ఫోన్ చేసింది. బోరు దగ్గర పాచి మీద కాలు జారి పడిందట. భద్రాచలం తీసుకెళ్తే మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారట. ఇదంతా రెండు ముక్కల్లో చెప్పేసి అసలు సంగతికి వచ్చింది.

“నా చెయ్యి ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం గానీ చెల్లే, బర్రెకు పాలెవరు పిండాలె?”

“బావ ఉన్నడు గదా?”

“మీ బావనా? ఆయన బకెట్ పట్టుకొని కొట్టంలకొస్తేనే అది కాలు లేపుతది. ఇన్నేండ్లల్ల ఒక్క పూట గూడ ఆయనకు చేపలే.”

చేపడం అంటే పశువు పాలు వదలడం. దూడ వెళ్లి పొదుగులో మూతి పెట్టగానే తల్లి ఒళ్లు సడలించి పాలు కిందికి దింపుతుంది. మనిషి నచ్చకపోతే ఆ పాలను పైకే బిగపట్టుకుంటుంది. అప్పుడు ఎంత పిండినా వేళ్లు నొప్పి పుట్టడమే తప్ప బకెట్లో ఏమీ పడదు. అక్క బర్రె మరీ మొండిది. అక్క చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దానికి పట్టదు.

మా పుట్టిల్లు బోనకల్ వైపు. చిన్నప్పుడు మా ఇంట్లో పశువులుండేవి. కొట్టం పనులన్నీ అక్క చూసుకునేది. నన్ను చదువుకొమ్మని లోపల కూర్చోబెట్టేవాళ్లు. అందుకే ఆమెకు పశువు కళ్లు చూస్తే దాని మనసు తెలుస్తుంది, నాకు పాల ప్యాకెట్ మీద తేదీ చూడటం తెలుసు. పెళ్లయ్యాక అక్క బూర్గంపాడు దాటి అడవి అంచునున్న పల్లెకు వచ్చింది. ఇళ్ల వెనక చేలు, చేల వెనక వాగు, వాగు దాటితే అడవే. బావ ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర పని చేస్తాడు, తెల్లారకముందే షిఫ్టుకు వెళ్లిపోతాడు. వాళ్లమ్మాయి ఖమ్మంలో నర్సింగ్ చదువుతోంది, పరీక్షల్లో ఉంది. ఇక వెళ్లాల్సింది నేనే. మర్నాడు పిల్లలిద్దర్నీ వెంటేసుకుని బస్సెక్కాను.

మా అమ్మాయికి అప్పుడే ఆరో తరగతి అయిపోయింది. క్లాసులో ఫస్టు. ఏ పనైనా సరే తనకు రాదని ఒప్పుకోవడం దాని వల్ల కాదు. మా అబ్బాయి రెండో తరగతి. వాళ్లక్క ఏడు ప్రశ్నలడిగితే వీడు ఒక మాట మాట్లాడే రకం. కుక్క ఎదురొస్తే నా వెనక్కి, కోడి ఎగిరితే వాళ్లక్క వెనక్కి వెళ్లేవాడు.

ఇంటికి చేరగానే అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా కొట్టంలోకి నడిచింది. అక్కడ అక్క, చేతిని మెడకు వేలాడదీసుకుని, బోర్లించిన గంప మీద కూర్చుని బర్రెతో ఏదో మాట్లాడుతోంది.

“పెద్దమ్మా, పాలు నేను పిండుతా. ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నా.”

అక్క దాన్ని పైనుంచి కింది దాకా చూసి నవ్వింది. “అవ్ బిడ్డా, పిండుదువు గానీ. ముందుగాల ఆ పేడ ఎత్తు.”

“పేడా? పాలు పిండడానికి పేడ ఎందుకెత్తాలి?”

“నువ్వెవరో దానికెట్ల తెలుస్తది మరి? రోజు దాని కాళ్లకాడ తిరుగుతుంటే, ఈ పిల్ల మనదే అనుకుంటది.”

మా అమ్మాయి ముఖం మాడిపోయింది. నా వైపు చూసింది. నేను చూపు తప్పించుకుని సామాన్లు లోపల పెట్టడానికి వెళ్లాను. కాసేపటికి తిరిగొస్తే, ముక్కుకు చున్నీ కట్టుకుని, చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని పేడ ఎత్తుతోంది. బర్రె నెమరు ఆపి మరీ ఆ వేషం చూస్తోంది.

అప్పటికి పాలు పిండుతున్నది పక్క గూడెం ఆవిడ. అక్క ఆమెను వదినా అంటుంది, పిల్లలు అత్తా అన్నారు. మాతో తెలుగులో మాట్లాడేది గానీ పశువులతో మాత్రం వాళ్ల గూడెం భాషలోనే. ఆమెకు బర్రె చేపేది గానీ సగమే, మిగతాది దాచుకునేది. ఆ సగమైనా ఎన్నాళ్లో ఉండదని, బీడీ ఆకు కోత దగ్గర పడిందని మేం వెళ్లిన రోజే ఆమె చెప్పేసింది.

“తునికాకు మొదలైతాంది వదినా. ఇంటిల్లిపాదీ తెల్లారకముందే అడివికి పోతం. పొద్దెక్కినంకనే వచ్చుడు. ఆకు కట్టలు కట్టేసరికి చీకటి పడతది. నేను రాలేను మరి.”

“నువ్వేం చేస్తవ్ వదినా, పని వదులుకుంటవా? మా చెల్లె వచ్చింది గదా,” అంది అక్క.

ఆ చెల్లె మర్నాడు పొద్దున్నే ధైర్యం చేసి బర్రె పక్కన కూర్చుంది. పొదుగు మీద చెయ్యి పడిందో లేదో నేను కొట్టం గోడ దగ్గర ఉన్నాను, బకెట్ బయట వాకిట్లో ఉంది. తన్ను తొడ మీద తగిలింది. నల్లగా కమిలిపోయింది. అక్క గంప మీదే కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వితే చెయ్యి నొప్పి, నొప్పితో అరుపు, అరుస్తూ మళ్లీ నవ్వు. ఆ రోజే తేలిపోయింది, ఈ పని నాతో అయ్యేది కాదని. ఇక మిగిలింది మా అమ్మాయే.

అక్క తొందరపడలేదు. వేప పుల్లతో పళ్లు తోముకుంటూనో, ఎడమ చేత్తో గోరుచిక్కుళ్లు తుంచుకుంటూనో అమ్మాయికి ఒక్కో పనీ చెప్పేది. కుడితిలో తవుడు ఎంత కలపాలో చేత్తో తిప్పి చూసుకోమంది. గడ్డి వేసేటప్పుడు ముందు నుంచి వెళ్లమంది, వెనక నుంచి వెళ్తే పలకరిస్తూ వెళ్లమంది. మెడ కింద, చెవుల వెనక గోకమంది. పాలిథిన్ కవర్లు రెండో రోజుకే ఎగిరిపోయాయి. ఆ తర్వాత గోళ్ల దగ్గర పంచాయితీ వచ్చింది. సెలవుల కోసం మా అమ్మాయి గోళ్లు పెంచుకుని, గులాబీ రంగు వేసుకుంది.

“గోర్లు తీసెయ్యాలె బిడ్డా.”

“కొంచెమే ఉన్నాయి పెద్దమ్మా.”

“నీకు కొంచెమే. దాని చన్నుకు అవి సూదులు.”

లేచి వెళ్లి గోళ్లు కత్తిరించుకుని వచ్చింది. అప్పుడు అక్క తన ఎడమ చెయ్యి చాపి, బొటనవేలు చూపించింది. “ఇదే చన్ను అనుకో. పైన గట్టిగ పట్టు. ఇప్పుడు వేలు తర్వాత వేలు కిందికి నొక్కుకుంట రా. గుంజద్దు, నొక్కాలె.”

ఆ రోజు నుంచి ఇంట్లో ఎక్కడ చూసినా ఇదే చదువు. పెద్దమ్మ మంచం మీద పడుకుంటే పక్కన కూర్చుని ఆమె బొటనవేలు పట్టుకునేది. ఆదివారం చర్చిలో ప్రసంగం జరుగుతుంటే కూడా, చాప మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పెద్దమ్మ వేలు పిల్ల గుప్పిట్లో ఉండటం నేను చూశాను. అక్క కళ్లు మూసుకుని ప్రార్థిస్తూనే “మెల్లగ” అంది ఒకసారి. ముందు వరుసలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

మావాడి సంగతి వేరే. మొదటి రెండు రోజులు కొట్టం గడప దాటలేదు. బర్రెది మరీ పెద్ద తల అని వాడి అభ్యంతరం. లోపలున్న దూడ మాత్రం వాణ్ని రోజూ చూసేది. రెండు నెలల మగదూడ, కాళ్లే కాళ్లు, బూడిద రంగు వెంట్రుకలు. ఒక సాయంత్రం దాని పలుపు విప్పి ఉంది. నేరుగా గడప దగ్గరికి వచ్చి వాడి చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. వాడు కదల్లేదు, అరవలేదు. చొక్కా సగం తడిసిపోయాక, “మమ్మీ, దీనికి ఆకలేస్తుంది,” అన్నాడు, చాలా గంభీరంగా.

అప్పటి నుంచి దూడ వాడిది. పాలు పిండే పద్ధతిలో దూడ పనే కష్టం. ముందు దాన్ని వదలాలి. అది నాలుగు గుక్కలు తాగగానే తల్లి చేపుతుంది. వెంటనే దూడను లాగి తల్లి ముందు కట్టెయ్యాలి. తల్లి దాన్ని నాకుతూ నిలబడితే అప్పుడు పిండుకోవాలి. చివర్లో మళ్లీ దూడకు మిగల్చాలి. నాలుగు గుక్కల దగ్గర దూడను ఆపడం ఎవరి తరం? వాడు పలుపు పట్టుకుంటే దూడే వాణ్ని లాక్కుపోయేది. పేడలో కూర్చునేవాడు, లేచేవాడు, మళ్లీ పట్టుకునేవాడు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, నడుం వెనక్కి వాల్చి, బావిలో చేద లాగినట్టు కొద్దికొద్దిగా లాగాలని బావ ఒక సెలవు రోజు చూపించాడు. “నేను బర్రెకు నచ్చలే గానీ దూడలకు నచ్చుతరా,” అని చెప్పాడు వాడికి.

గూడెం ఆవిడ అడవికి వెళ్లడం మొదలుపెట్టిన పొద్దున అమ్మాయి మొదటిసారి బర్రె పక్కన కూర్చుంది. వేళ్లకు కాస్త ఆముదం రాసుకుంది, పొదుగు నీళ్లతో కడిగింది. పాలకు కూర్చునే ముందు అక్క రోజూ చిన్న ప్రార్థన చేస్తుంది. ఆ వేళ పెద్దమ్మ ఇంకా మొదలుపెట్టకముందే మా అమ్మాయి “ఆమెన్” అనేసింది. వాడు దూడను లాగాడు. రెండు ధారలు బకెట్ అడుగున జర్రుమన్నాయి. ఆ చప్పుడుకు అమ్మాయికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చి గబగబా లాగడం మొదలుపెట్టింది. బర్రె కాలు విదిలించింది. బకెట్ పడింది. పాలు పేడలో కలిశాయి. ఆ పిల్ల ఏడవకూడదని ఎంత బిగపట్టుకున్నా ఏడ్చేసింది.

“దానికి నేనంటే ఇష్టం లేదు!”

అక్క లేచి వచ్చి, ఎడమ చేత్తో దాని జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

“అబ్బా! పెద్దమ్మా!”

“నొప్పి పుట్టిందా? నాకు నువ్వంటే ఇష్టం లేక గుంజిన్నా? తల్లి గూడ గంతే. నువ్వు దబదబ గుంజుతున్నవ్, దానికి నొప్పైతాంది. చెప్పనీకె నోరు లేదు, కాలున్నది.”

అక్క ఆ బర్రెను తల్లీ అని పిలుస్తుంది. ఏడుపులోనే మా అమ్మాయికి నవ్వొచ్చింది. జడ సర్దుకుని, బకెట్ కడుక్కొచ్చి మళ్లీ కూర్చుంది. ఆ పూట ఇక చుక్క రాలేదు. సాయంత్రం అడుగు తడిసేంత వచ్చింది. తర్వాతి రోజు ఇంకాస్త. ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే కొట్టంలోంచి నురగ మీద పాలు పడే మెత్తని చప్పుడు ఆగకుండా వినబడింది. చీపురు పట్టుకునే తొంగి చూశాను. మా అమ్మాయి బర్రె డొక్కకు నుదురు ఆనించి, కళ్లు మూసుకుని పిండుతోంది. అక్క నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. ఆ రోజు టీ ఎప్పుడూ తాగనన్ని సార్లు తాగాం.

సాయంత్రాలు బర్రెను వాగుకు తీసుకెళ్లేవాళ్లం. ఎండలు మండిపోతున్నాయి. నడి వాగులో నీళ్లు నడుం దాకా ఉండేవి. బర్రె వాటిలో కూలబడి ముక్కు మాత్రం పైకి పెట్టుకునేది. అమ్మాయి కొబ్బరి పీచుతో వీపు తోమేది. వాడు ఒడ్డునే దూడను కడిగేవాడు. బర్రె వైపు మాత్రం వెళ్లేవాడు కాదు. దూడా తనూ ఒక జట్టు. ఒకరోజు అక్కను అడిగాడు.

“పెద్దమ్మా, ఇది పెద్దయ్యాక పాలిస్తుందా?”

“మగది గదరా, పాలెట్లిస్తది?”

“మరి ఏం చేస్తారు దీన్ని?”

పల్లెల్లో మగదూడలను ఏం చేస్తారో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక వాటితో పని లేదు, కోతకు అమ్మేస్తారు. “చూద్దాం బిడ్డా. ముందైతే పెరగనీ,” అంది అక్క.

ఆ తర్వాత కొన్నాళ్లకే దూడకు ప్రాణం మీదికి వచ్చింది. పలుపు ముడి మెడకు ఒరుసుకుంటోందని వాడు దాన్ని వదులుగా కట్టాడు. ఎవరూ చూసుకోలేదు. తెల్లారి లేచి చూస్తే దూడ తల్లి దగ్గర ఉంది, పొదుగు ఖాళీ. కడుపు నిండా తాగేసింది. అక్క పాల గురించి ఒక్క మాట అనలేదు గానీ దూడ పొట్ట తడిమి ముఖం చిన్నబుచ్చుకుంది. మధ్యాహ్నానికి పారుడు పట్టుకుంది, నీళ్ల విరేచనాలు. మర్నాడు పొద్దున పాలు పిండటం అయ్యాక దూడ కూలబడి ఇక లేవలేకపోయింది. కళ్లు లోపలికి పోయాయి, ముక్కు ఎండింది. ముట్టుకుంటే చెవులు చల్లగా ఉన్నాయి.

బావ షిఫ్టు నుంచి వచ్చీ రాగానే అన్నం కూడా తినకుండా బండి మీద పశువుల దవాఖానాకు వెళ్లి డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చిన్నవాడు, ఓపికస్తుడు. సూది వేసి, మందిచ్చి, “ఒంట్లో నీళ్లు పోయినయ్, అవి నింపాలె,” అన్నాడు. పలచటి గంజిలో ఉప్పు, కాస్త బెల్లం కలిపి సీసాతో కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ తాగించమన్నాడు. తల్లి పాలు అసలే మానెయ్యొద్దు, పిండి కొంచెం కొంచెంగా పట్టమన్నాడు. “ఎవరు తాగిస్తరు?” అని అడిగాడు.

“నేను,” అన్నాడు మావాడు. అప్పటిదాకా తలుపు వెనకే ఉన్నాడని మాకెవరికీ తెలియదు. ముడి వదులుగా కట్టింది తనేనని కూడా ఆయనకే చెప్పాడు, అడగకుండానే.

డాక్టరు వాణ్ని కోప్పడలేదు. సీసా చేతికిచ్చి, దూడ పక్కన కూర్చోబెట్టి చూపించాడు. “తల మీదికి ఎత్తద్దు, ఊపిరితిత్తులకు పోతది. దాని తల గిట్లనే ఉండాలె. సీసా పక్క నుంచి పెట్టు. మింగినంకనే ఇంకొంచెం పొయ్యి. దగ్గితే ఆపెయ్యి.”

వాడు ఆ మాటలు తిరిగి అప్పజెప్పాడు, పద్యం చెప్పినట్టు. అప్పట్నుంచి దూడ పక్కనే. గోనెసంచి పరిచి, దాని తల ఒళ్లో పెట్టుకుని, గుక్క తర్వాత గుక్క పట్టాడు. అన్నం అక్కడే తిన్నాడు. ఒళ్లంతా దూడ చొంగ, గంజి, పేడ. స్నానానికి రమ్మంటే, “ఇది ఒక్కటే ఉంటుంది మమ్మీ,” అన్నాడు. నేనూ బలవంతం చేయలేదు.

సాయంత్రం పాల వేళయింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. దూడ లేచి వెళ్లి మూతి పెడితేనే గదా బర్రె చేపేది? దూడను మోసుకెళ్లి ముందు పడుకోబెడదామంటే, కదిలిస్తే దానికి మరింత ఆయాసం. అమ్మాయి కూర్చుంది, కడిగింది, నిమిరింది. చుక్క రాలేదు. బర్రె మెడ తిప్పి తిప్పి దూడ ఉన్న మూల వైపు చూస్తూ అరుస్తోంది. పొదుగు రాయిలా బిగుసుకుపోయింది. పిండకపోతే దానికీ వాపొస్తుంది. పైగా దూడకు పట్టాల్సిన పాలు కూడా అందులోనే ఉన్నాయి. అమ్మాయి నిస్సహాయంగా పెద్దమ్మను చూసింది. అక్క మావాణ్ని పిలిచింది.

“ఒరేయ్, ఇటు రా. తల్లి ముందల నిలబడు.”

వాడు కళ్లు పెద్దవి చేశాడు. “నేనా?”

“నీ ఒంటి నిండ దూడ వాసనే గదరా. రా బిడ్డా. ఏం జేయదు.”

వాడు నా వైపు చూశాడు. ఆ తల వాడికి ఎంత పెద్దగా కనిపిస్తుందో నాకు తెలుసు. దూడను ఒకసారి చూసుకున్నాడు. సీసా కింద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా నడిచి బర్రె ముందు నిలబడ్డాడు. పిడికిళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

బర్రె మూతి ముందుకు చాపింది. చేతులు వాసన చూసింది, చొక్కా వాసన చూసింది. ముక్కులోంచి ఒక్క ఊపిరి వదిలితే వాడి జుట్టు లేచింది. తర్వాత నాలుక చాపి మోచేతి నుంచి భుజం దాకా ఒక్క నాకు నాకింది.

“మమ్మీ... గరుకుగా ఉంది.”

“కదలకురా!” అంది వాళ్లక్క, పొదుగు దగ్గర నుంచి గుసగుసగా.

“కరుస్తుందా?”

“కరవదు. నువ్వే దాని దూడవు ఇప్పుడు. నిలబడు.”

మెడ నాకింది, చెవి నాకింది, తల మీది వెంట్రుకలన్నీ ఒక పక్కకు అణిగిపోయేలా నాకింది. వాడు ముఖం ముడిచి, మెడ లోపలికి తీసుకుని నిలబడ్డాడు గానీ ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. బర్రె అరుపు ఆగింది. వెనక కాళ్లు కాస్త ఎడమయ్యాయి. అక్క నా భుజం నొక్కింది. “చేపుతాంది చూడు,” అంది. అప్పుడే బకెట్లో మొదటి ధార జర్రుమంది.

ఏడవాలో నవ్వాలో నాకు తెలియలేదు. ముందు వాడు, వెనక వాళ్లక్క, మధ్యలో ఆ నల్లటి పెద్ద ఒళ్లు. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. “మొత్తానికి ఈ ఇంట్ల ఒక మగపురుగును మెచ్చింది,” అన్నాడు మెల్లగా. అందరం నవ్వితే బర్రె తన్నుతుందేమోనని నోళ్లు మూసుకుని నవ్వాం.

ఆ పాలలోంచి మావాడు దూడకు కొంచెం సీసాలో పోసి పట్టాడు. మూడు రోజులు పొద్దునా సాయంత్రం అట్లాగే సాగింది. వాడు ముందు నిలబడటం, అక్క నాకించుకోవడానికి తయారయ్యావా అని వేళాకోళం చేయడం, పిండాక గంజి, గంజి తర్వాత మందు. కళ్లు మూసుకోవడం రెండో రోజుకే మానేశాడు. బర్రె తలను రెండు చేతులతో పట్టుకుని, నుదుటి మీద గోకుతూ నిలబడేవాడు. నాలుగో పొద్దున దూడ కాళ్లు వణికించుకుంటూ లేచి నిలబడింది. వాడు కేక వేశాడు. వాడు అంత గట్టిగా అరవగలడని నాకు ఆ రోజే తెలిసింది.

బడులు తెరవడానికి కొన్ని రోజుల ముందు అక్క చేతికి కట్టు తీశారు. చెయ్యి తెల్లబడి, సన్నబడి, ఎవరిదో చెయ్యిలా ఉంది. ఇంటికి రాగానే నేరుగా కొట్టంలోకి వెళ్లింది. కూర్చుని చెయ్యి వేసిందో లేదో బర్రె వెంటనే చేపింది. ఇన్నాళ్లూ ఎవరూ మారనట్టే నెమరు వేసుకుంటూ నిలబడింది. మా అమ్మాయి గుంజకు ఆనుకుని చూస్తోంది. సంతోషపడాలని దానికి తెలుసు. ముఖం మాత్రం మాట వినలేదు.

అక్క పిండుతూనే దాని వైపు చూసింది. “ఏందే, గట్ల నిలబడ్డవ్? ఈ చెయ్యింక గట్టిపడలే. అటుపక్క కూసో. రెండు నువ్వు, రెండు నేను.”

సెలవులైపోయే దాకా పొద్దునా సాయంత్రం ఇద్దరూ చెరో పక్క కూర్చుని పిండారు. మధ్యలో పొదుగు కింద నుంచి ఒకరి ముఖం ఒకరికి కనిపించేది. అక్కడ ఏవేవో కబుర్లు నడిచేవి. నేను దగ్గరికి వెళ్తే ఆగిపోయేవి. ఏం మాట్లాడుకునేవారని ఇప్పుడడిగినా ఇద్దరూ చెప్పరు.

వెళ్లే ముందు రోజు మావాడు దూడ గురించి మళ్లీ అడిగాడు. ఈసారి దాటవేయడానికి వీల్లేకుండా, అన్నం ముందు పెట్టుకుని తినకుండా అడిగాడు. అక్క, బావ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తునికాకు పని ముగిసి గూడెం ఆవిడ అప్పుడప్పుడు వచ్చిపోతోంది. వాళ్ల పొలం వాగు అవతల, చిన్న చిన్న చెక్కలు, ట్రాక్టరు దిగని చోటు. ఇప్పటికీ దున్నలతోనే దున్నుతారు. వాళ్ల దగ్గర ఒక మగదూడ పెరుగుతోంది, దానికి జోడీ కావాలి. ఆ సాయంత్రం ఆమె రాగానే అక్క అడిగేసింది.

“వదినా, మా దూడను మీ దానికి జోడీ కట్టుకుంటరా? పాలు మరిచినంక తోలుకుపో. నాకేం ఇయ్యద్దు. దాన్ని ఎవరికీ అమ్మనని మాత్రం ఈ పిలగానికి చెప్పు.”

ఆమె వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “దాన్ని అమ్మను బిడ్డా. మా ఇంట్లనే ఉంటది. దుక్కి దున్నుతది, వాగుల పంటది. సరేనా?”

వాడు దూడ వైపు చూసి, “దానికి మెడ కింద గోకితే ఇష్టం అత్తా,” అన్నాడు. అదే వాడి ఒప్పుకోలు.

మరుసటి ఏడాది దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లినప్పుడు పిల్లలిద్దరూ గూడేనికి వెళ్దామన్నారు. దూడ దూడలా లేదు. మెడ బలిసింది, కొమ్ములు వెనక్కి తిరిగాయి. జోడీతో కలిసి వాగు గట్టున మేస్తోంది. వాడు పిలిచాడు. తల ఎత్తి చూసింది, మళ్లీ గడ్డిలో పెట్టేసింది. గుర్తుపట్టలేదనే అనుకుంటున్నాను. వాడు ఏడుస్తాడేమోనని నేను పక్కకు వెళ్లాను.

వాడు దగ్గరికి వెళ్లలేదు. దూరం నుంచే కాళ్లు చూశాడు, పేడ చూశాడు, డొక్కలు చూశాడు, ఆ డాక్టరు చూసినట్టే. “మంచిగుంది మమ్మీ. కళ్లు కూడా బాగున్నాయి,” అన్నాడు. వాళ్లక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది. గూడెం ఆవిడ తాటి ముంజలకు కాలం కాదని నొచ్చుకుంటూ, ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు తెచ్చి చేతుల్లో పెట్టింది. వాటిని తింటూ, పశువులు మేస్తుంటే చూస్తూ, పొద్దు వాలేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నాం.